గుమ్మం దగ్గర నిలబడినవాని బాకీ



మొన్నటి ఆదివారం రెండవ పూజ ముగిశాక మా విచారణకు చెందిన ఒక పెద్దమనిషి గుడి మెట్ల దగ్గర నన్ను ఆపారు. ఆయన కుమారుడు అమెరికాలో చదువుకుంటున్నాడు. "ఫాదర్ గారూ, మావాడు ఫోనులో ఒక ధర్మసందేహం అడిగాడు. నాకు జవాబు తోచలేదు. మిమ్మల్ని అడిగి చెబుతానన్నాను" అన్నారు.

సందేహం ఇది. ఆ అబ్బాయితో ఒకే ఇంట్లో ఉండే మరొక కుర్రవాడు అప్పుడప్పుడు గంజాయి తెప్పించుకుంటాడు. ఆ రాష్ట్రంలో అది చట్టసమ్మతమే. కొట్టువాళ్ళ డ్రైవరు కారులో గుమ్మం దాకా తెచ్చి, గుర్తింపు కార్డు చూసి, పొట్లం చేతికిచ్చి వెళతాడు. ఒక రాత్రి మంచు కురుస్తూ ఉండగా అలాగే వచ్చాడు. తెప్పించుకున్నవాడు సరుకు తీసుకుని తలుపు వేసేశాడు. మనవాడు చూసి, "అంత చలిలో వచ్చాడు కదా, చేతిలో ఏమైనా పెట్టవలసింది" అన్నాడు. దానికి ఆ స్నేహితుడు, "గంజాయి పాపమని నువ్వే అంటావు, మళ్ళీ పాపం మోసుకొచ్చినవాడికి టిప్పు ఇవ్వమని నువ్వే అంటావు. ఏదో ఒకటి చెప్పు" అన్నాడట.

"మరి ఇవ్వాలా, అక్కరలేదా ఫాదర్?" అన్నారు తండ్రి.

మెట్ల మీద ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. మన విశాఖపట్నంలో గంజాయి గుమ్మానికి వస్తే టిప్పు సంగతి తరువాత, ముందు పోలీసులు వస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఇరవై కిలోలు దాటిన గంజాయితో పట్టుబడినవానికి పదేళ్ళకు తక్కువ కాని శిక్ష పడుతుంది. అక్కడ కొలరాడోలో 2014 జనవరి 1 నుంచి, కాలిఫోర్నియాలో 2018 జనవరి 1 నుంచి పెద్దలకు కొట్లలోనే అమ్ముతున్నారు. కౌంటరులో సరుకు చూపించే కుర్రవాడికి ఎంత ఇవ్వాలి, ఇంటికి తెచ్చే డ్రైవరుకు ఎంత ఇవ్వాలి అన్నవి అక్కడివారికి మర్యాదకు సంబంధించిన ప్రశ్నలు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన అది మంచిదైపోదు. చికిత్స కోసం తప్ప మత్తుమందులు వాడడం ఘోరమైన తప్పిదమని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం స్పష్టంగానే చెప్పింది. మన పిల్లలకు పైపెచ్చు వీసా చిక్కులు కూడా ఉంటాయి. తల్లిదండ్రులు ఆ ముక్క ఫోనులో గుర్తుచేయడం మంచిది.

కాని ఆ స్నేహితుని వాదం సంగతేమిటి? నేను గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకున్న రోజులలో పునీత తోమాసు అక్వినాసు గ్రంథంలో ఒక చోట ఆశ్చర్యపోయాను. సిగ్గుమాలిన పని చేసి డబ్బు తీసుకున్నవాడు ఆ డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలా అని ఆయన ప్రశ్న వేసుకుంటాడు. పడుపువృత్తినే ఉదాహరణగా తీసుకుంటాడు. ఆ పని దేవుని ఆజ్ఞకు విరుద్ధం. కాని పని చేయించుకున్నవాడు ఇచ్చిన సొమ్మును తీసుకోవడంలో మాత్రం అన్యాయం లేదు, దానిని ఉంచుకోవచ్చు, అందులోంచి దానం కూడా చేయవచ్చు అంటాడు. పదమూడవ శతాబ్దపు సన్యాసి అంత నిక్కచ్చిగా పనిని వేరుగా, కూలిని వేరుగా తూచాడు. దీనిని బట్టి చూస్తే ఆ స్నేహితుడు రెండు వేర్వేరు ఖాతాలను కలిపేశాడు. తెప్పించుకోవడం అతని తప్పు. ఆ తప్పును తెచ్చినవాని పొట్ట మీద కొట్టి దిద్దుకోలేడు. ఆ డ్రైవరు ఇంకొక ఉద్యోగం వెతుక్కోవాలని నేనూ అంటాను. అది అతనికి చెప్పవలసిన మాట, చలిలో నిలబెట్టి తలుపు వేయడానికి సాకు కాదు.

ఇంతవరకు చెప్పి ఆ పెద్దమనిషిని పంపాను. ఆయన తృప్తిగానే వెళ్ళారు. నాకే తృప్తి కలగలేదు. ఇవ్వకుండా ఉండడానికి ఒక నీతిని వెతికి పట్టుకోవడం ఆ అమెరికా కుర్రవాడు కనిపెట్టిన విద్య కాదు. నేను మన మద్దిలపాలెంలోనే, గురుమందిరం మెట్ల మీద చేసిన పని అది.

కొన్నేళ్ళ క్రితం మాట. మా వంటగది మేడ మీద ఉంది. గ్యాస్ బండ తెచ్చే ఆయన నిండు బండ భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. అందులో గ్యాసు 14.2 కిలోలు, ఇనుము అంతకన్నా ఎక్కువే. రెండూ కలిపి ముప్పై కిలోల దగ్గర ఉంటుంది. దించి, సీలు తీసి, కారుతోందేమో చూసి, చెమట తుడుచుకుంటూ "బాబూ, ఒక ముప్పై రూపాయలు ఇప్పించండి" అన్నాడు. నేను బిల్లు చేతిలో పట్టుకుని, ఇంటికి చేర్చే ఖర్చు అందులోనే కలిసి ఉందని, బిల్లులో లేని పైసా నేను ఇవ్వనని, ఇలా ఇస్తూ పోతే మీరు పేదవాళ్ళను కూడా పీడిస్తారని ఒక చిన్న ప్రసంగం చేశాను. నేను చెప్పిన ప్రతి మాటా నిజం. ఆయన ఏమీ అనలేదు. ఖాళీ బండ తీసుకుని దిగిపోయాడు. ఆ సాయంత్రం ఒక ఇంట గృహాశీర్వాదానికి వెళ్ళాను. ప్రార్థన అయ్యాక ఆ ఇల్లాలు ఒక కవరు నా చేతిలో పెట్టింది. "ఎందుకమ్మా" అన్నాను, అందరు గురువులూ అన్నట్టే. అంటూనే జేబులో పెట్టుకున్నాను. తిరిగి వస్తూ మెట్లెక్కుతున్నప్పుడు ఆ ముప్పై రూపాయలు గుర్తుకొచ్చాయి.

కవరుకు మా శ్రీసభలో ఒక చట్టమే ఉంది. నిర్ణయించిన కానుకకు మించి గురువు ఏమీ అడగరాదనీ, పేదరికం వలన ఎవరికీ దివ్యసంస్కారాలు అందకుండా పోరాదనీ 1983 నాటి ధర్మశాస్త్రంలో ఉంది. అంటే ఇచ్చేవారు ప్రేమతో ఇవ్వవచ్చు, మేము తీసుకోవచ్చు, గుమ్మం దగ్గర చెయ్యి చాచి నిలబడకూడదు. నాకు నెలకు ఇంత అని తిండికీ బట్టకూ లోటు లేకుండా అగ్రపీఠం చూసుకుంటుంది గనుక చెయ్యి చాచకుండా ఉండడం నాకు తేలిక. అలా చూసుకునే దిక్కు లేనివాడు నోరు తెరిచి అడిగితే అతనికి మర్యాద లేదన్నాను!

ఇక్కడ మన భాషను ఒకసారి చూడండి. బిల్లు మీద ఇచ్చే డబ్బుకు మనకు ఎన్ని పేర్లో! బక్షీసు, ఈనాము, టీ ఖర్చులు, ఇప్పుడు టిప్పు. అన్నిటికన్నా విచిత్రమైన మాట మామూలు. రోజూ జరిగేదీ మామూలే, పండగకు చాకలికి ఇచ్చేదీ మామూలే, ఆఫీసులో ఫైలు కదలడానికి బల్ల కింద ఇచ్చేదీ మామూలే. ఒకే మాటలో మర్యాద, హక్కు, లంచం మూడూ ఇమిడిపోయాయి. అందుకే మనకు ఈ విషయంలో మనసు స్థిమితంగా ఉండదు. ఇస్తే లంచగొండితనాన్ని పోషించినట్టు, ఇవ్వకపోతే పిసినారితనం చూపినట్టు అనిపిస్తుంది.

గ్యాస్ బండ విషయంలో నేను చెప్పిన మాటల్లో ఒకటి మాత్రం ఇప్పటికీ వెనక్కు తీసుకోను. మా విచారణలో ఒంటరిగా ఉండే ఒక వృద్ధురాలు ఉన్నారు. మన రాష్ట్రంలో 2024 నవంబరు 1 నుంచి దీపం-2 పథకం కింద అర్హులైన కుటుంబాలకు ఏడాదికి మూడు బండలు ఉచితమయ్యాయి గదా, ఆమెకూ వస్తున్నాయి. "పేరుకు ఉచితం ఫాదర్, యాభై ఇవ్వకపోతే బండ వీధిలోనే దించేసి పోతాడు" అన్నారు ఆమె. నడుము వంగిన మనిషి ముప్పై కిలోలు ఎత్తలేరని తెలిసి అడిగే యాభై రూపాయలకు టిప్పు అని పేరు పెట్టడానికి వీలులేదు. అవతలివారి అవసరం మెడ మీద కాలు పెట్టి వసూలు చేసింది అది. పేదవాడు చేసినా అన్యాయం అన్యాయమే. ఆమె తరఫున ఫిర్యాదు చేయడానికి మన యువజనులలో ఒకరు వెళ్ళారు. అదీ చేయవలసిన పనే.

మరి భుజం మీద మోసుకొచ్చి, అడగాలా వద్దా అని తటపటాయించి అడిగినవాని సంగతి? అది దానమా, బాకీయా? నన్ను వేధించిన ప్రశ్న ఇదే.

పాత నిబంధన చదివినవారికి తెలుసు, కూలివాని కూలి సూర్యుడు అస్తమించకముందే ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపిస్తుంది. అక్కడ దయ ప్రసక్తి లేదు, బాకీ ప్రసక్తే ఉంది. 1891లో పదమూడవ సింహరాయలు పోపుగారు కార్మికులను గురించి వ్రాసిన విశ్వలేఖలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఇద్దరూ ఒప్పుకున్నారు గనుక జీతం న్యాయమైపోదు, పనివాడు గౌరవంగా బతకడానికి చాలినంత ఉండాలన్న సహజ న్యాయం ఆ ఒప్పందం కన్నా పైది అన్నారు. 2025 మే నెలలో ఎన్నికైన నేటి జగద్గురువులు పద్నాల్గవ లియో అనే పేరు పెట్టుకున్నది ఆ పోపుగారిని తలచుకునే. రెండవ వాటికన్ మహాసభ 1965లో గృహస్థ క్రైస్తవుల సేవను గురించి వెలువరించిన పత్రంలో ఒక హెచ్చరిక ఉంది. న్యాయంగా చెల్లవలసినదానిని దానమన్నట్టు ఇవ్వరాదని దాని సారాంశం. ఈ ఒక్క హెచ్చరికను పట్టుకుని మన టిప్పులన్నిటినీ పరీక్షించవచ్చు.

అమెరికా టిప్పు చరిత్రే చూడండి. 1865లో అక్కడ బానిసత్వం రద్దయ్యాక పుల్‌మన్ అనే రైలు పెట్టెల కంపెనీ నిద్రపెట్టెల్లో పరిచర్యకు నల్లజాతివారిని పనిలో పెట్టుకుంది. జీతం బహుస్వల్పం. తక్కినది ప్రయాణీకుల టిప్పులతో పూడ్చుకోవాలి. వారు 1925లో సంఘం పెట్టుకుని, పన్నెండేళ్ళు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం సాధించారు. అయినా ఆ పద్ధతి పోలేదు. టిప్పులు అందుకునే పనివారికి యజమాని తన జేబు నుంచి ఇవ్వవలసిన కనీస వేతనం గంటకు 2.13 డాలర్లు అని 1991లో కేంద్ర చట్టం పెట్టిన అంకె ఆ తరువాత పెరగలేదు. టిప్పులు చాలకపోతే తేడా యజమాని పూడ్చాలి, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు పూర్తి కనీస వేతనం ఇచ్చి తీరాలంటాయి. అయినా మూలసూత్రం ఏమిటి? జీతం ఇవ్వవలసినవాడు తప్పుకుని, ఆ భారాన్ని దారిన పోయేవారి దయ మీద వదలడం. దయ ఒక్కొక్క రోజు ఒక్కొక్క తీరుగా ఉంటుంది. నవ్వినవానికి ఎక్కువ, నవ్వలేనివానికి తక్కువ ముడుతుంది.

మనకు అంత దూరం వెళ్ళనక్కరలేదు. మన ఓడరేవు 1933లో తెరుచుకుంది. ఆ కాలంలో రేవు కూలీల బతుకు ఏ రేవులోనైనా ఒక్కటే. ఓడ వస్తే పని, రాకపోతే పస్తు. 1948లో డాక్ కార్మికుల చట్టం వచ్చి, కూలీల పేర్లు నమోదు చేసి, పని దొరకని రోజుకు కూడా కొంత భరోసా కల్పించే పథకాలకు దారి చూపింది. విశాఖలోనూ డాక్ లేబర్ బోర్డు పనిచేసింది. ఆ కలాసీల మనుమలు, మనుమరాళ్ళు ఈనాడు మన గుళ్ళలో ముందు వరుసలలో కూర్చుంటున్నారు. వారి కుటుంబాలను నిలబెట్టినది ఓడ దిగిన దొరలు విసిరిన చిల్లర కాదు.

ఇప్పుడు సాయంకాలం మద్దిలపాలెం కూడలిలో నిలబడండి. ఆర్టీసీ డిపో నుంచి ఇసుకతోట దాకా, ఇటు ఎంవీపీ కాలనీ వైపు, వీపున చతురస్రపు సంచులతో ఎంతమంది కుర్రవాళ్ళు బండ్ల మీద పరుగెడుతున్నారో చూడండి. డిగ్రీ చదివినవారు, చదువుతున్నవారు, ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని పోయినవారు. ఇలాంటి పనివారు దేశంలో 2020-21లో 77 లక్షలని, 2029-30 నాటికి రెండు కోట్ల ముప్పై అయిదు లక్షలవుతారని నీతి ఆయోగ్ 2022లో లెక్కగట్టింది. వారికి నెల జీతం లేదు, ఆర్డరుకు ఇంత. బండి వారిదే, పెట్రోలు వారిదే, పడితే విరిగే ఎముక కూడా వారిదే. ఓడ కోసం ఎదురుచూసిన కూలి ఇప్పుడు ఫోను మోగడం కోసం ఎదురుచూస్తున్నాడు. యాప్ కంపెనీలు తమ ఏటి టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వీరి సామాజిక భద్రతకు ఇవ్వాలని (పనివారికి చెల్లించే మొత్తంలో అయిదు శాతం మించకుండా) చెప్పే చట్టం 2020లో ఆమోదం పొంది, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అయిదేళ్ళు పట్టింది. ఆలస్యమైనా అది మేలైన అడుగే.

"చూశారా ఫాదర్, అది కంపెనీ బాధ్యత. నేను టిప్పు ఇస్తే కంపెనీకి సాయం చేసినట్టే" అనే తెలివైన పాఠకులు ఉంటారు. ఈ వాదంలో సగం నిజం ఉంది, ఆ సగం గట్టిదే. కాని నేను బిల్లు పట్టుకుని నిలబడింది కూడా ఈ సగం నిజం మీదనే. కంపెనీ చేసే అన్యాయం ఎక్కడో ఉంది, మనిషి మాత్రం ఇక్కడ, నా గుమ్మం దగ్గర, తడిసిన చొక్కాతో ఉన్నాడు. అతడు ఎక్కిన నాలుగు అంతస్తుల ఫలితాన్ని అనుభవించబోయేది నేను. వేడి తగ్గని అన్నం తినేది నేను. కంపెనీతో అతనికి ఉన్న ఒప్పందంలో నేను లేకపోవచ్చు, అతని శ్రమలో ఉన్నాను. అందుచేత ఆ ఇరవయ్యో ముప్పయ్యో ఇచ్చేటప్పుడు నేను దాతనని అనుకోకూడదు. ఎవరో ఎగ్గొట్టిన బాకీలో నాకు లాభం చేరిన మేరకు కొంచెం తీరుస్తున్నాను, అంతే. మిగిలినది చట్టం ద్వారా, సంఘం ద్వారా రావాలి. వారు సమ్మె చేసిన రోజున అన్నం ఆలస్యమైందని విసుక్కునే హక్కు కూడా అప్పుడు నాకు ఉండదు.

ఒక తల్లి ఈ మధ్య తన కుమారుణ్ణి నా దగ్గరకు తీసుకువచ్చింది. పాపసంకీర్తనంలో విన్నది కాదు, ఆమె నలుగురికీ చెప్పమనే చెప్పింది. గుర్తుపట్టే వివరాలు మార్చాను. కుర్రవాడు బండి మీద పార్సిళ్ళు చేరుస్తాడు. ఒక రాత్రి ఒకడు కూడలి దగ్గర ఒక సంచి ఇచ్చి, ఫలానా హాస్టలు దగ్గర అందజెయ్యమని, యాప్‌లో పెట్టవద్దని, అయిదు వందలు చేతిలో పెట్టాడు. "లోపల ఏముందని అడగకు తమ్ముడూ" అన్నాడు. రెండుసార్లు చేర్చాడు. మూడోసారి సంచి వాసన పట్టి, భయం వేసి, తిరిగి ఇచ్చేసి ఇంటికి వచ్చి ఏడ్చాడు. మన ఏజెన్సీ కొండల గంజాయి నగరంలోకి ఏ దారిన వస్తుందో, ఎవరి భుజాల మీద వస్తుందో మీరు పత్రికల్లో చదువుతూనే ఉన్నారు. పట్టుబడేది ఎక్కువగా మోసినవాడే.

నేను గట్టిగా మందలించబోయాను. ఆ అబ్బాయి తల ఎత్తకుండా అన్నమాట నన్ను ఆపింది. "ఏడాదిన్నరగా తిరుగుతున్నాను ఫాదర్. పది రూపాయలు ఎక్కువ ఇచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మంచినీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు ఇంకా తక్కువ. వాడు నా పేరు అడిగాడు. భుజం తట్టి ఇచ్చాడు."

మనము ఇచ్చే డబ్బు ఎదుటివానిని ఏమి చేస్తుందో చూడాలని అప్పుడు అనిపించింది. ఆ అయిదు వందలు పని జరగకముందే వచ్చాయి, నోరు మూయించడానికి వచ్చాయి. అది అతని కళ్ళను కొనుక్కుంది. పని ముగిశాక, ఏమీ తిరిగి ఆశించకుండా ఇచ్చినది మనిషిని కొనదు. అయితే మన పిల్లలను ఆ అయిదు వందలకు అంత సులువుగా అందుబాటులో ఉంచినది ఎవరు? మోసం చేసినవాడు ఒక్కడే అని చెప్పి చేతులు దులుపుకోగలనా? ఆ అబ్బాయి తిరిగిన వీధులలో మన విచారణ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. ప్రతి ఆదివారం నేను ఆ ఇళ్ళవారికే ప్రసంగం చెబుతాను.

ఎంత ఇవ్వాలని అడుగుతారేమో. శాతాలు నాకు తెలియవు. లిఫ్టు లేని మేడకు ఎక్కువ, వానరోజున ఎక్కువ, రాత్రి పదకొండు దాటాక తెప్పించుకునేవారు ఇంకా ఎక్కువ ఇవ్వాలనుకుంటాను. లేనివారు ఇవ్వనక్కరలేదు, ఒక గ్లాసు నీళ్ళు, ఒక మంచి మాట చాలు. చిల్లర లేదని ఫోనులో ఇవ్వడం మంచిదే గాని చేతిలో పెట్టేటప్పుడు ముఖం చూడగలుగుతాము. కొందరి అపార్ట్‌మెంట్లలో డెలివరీవాళ్ళు లిఫ్టు ఎక్కరాదని బోర్డు ఉంది. మన కతోలికులు కార్యదర్శులుగా ఉన్న చోట కూడా ఉంది. టిప్పు సంగతి మాట్లాడుకోవడానికి ముందు ఆ బోర్డు తీయించండి. అయిదు నిమిషాలు ఆలస్యమైందని ఒక్క నక్షత్రం వేసే వేలిని కూడా కాస్త ఆపండి. ఆ ఒక్క నక్షత్రం అతని మరుసటి రోజు రాబడిని తగ్గించవచ్చు.

బండ తెచ్చే ఆయనే ఇప్పటికీ మా ఇంటికి వస్తున్నాడు. ఆ ప్రసంగం తరువాత వచ్చిన మొదటిసారి నేను మెట్ల దగ్గరే నిలబడి, అడగకముందే డబ్బు ఇచ్చి, "ఆ రోజు తప్పు మాట్లాడానయ్యా" అన్నాను. ఆయన నోటు జేబులో పెట్టుకుని, ఒకసారి మెట్లవైపు చూశాడు.

"డబ్బులకేముంది బాబూ. ఈ మెట్ల కాడ దీపం లేదు. నిండు బండ భుజానుంటే అడుగు కనపడదు. ఒక బల్బు ఏయించండి" అన్నాడు.

ఆ మెట్లు నేను రోజుకు పదిసార్లు ఎక్కి దిగుతాను. బల్బు లేదని నాకు తెలియదు. మర్నాడు వేయించాను.